కాగితానికి స్వామిని సర్దడం

మహాశివరాత్రి వచ్చేసరికి పల్నాటి కల్లాల్లో మిరపకాయ ఎండుతూ ఉంటుంది. పత్తి ఆఖరి తీతలకు వస్తుంది. గుంటూరు మిర్చి యార్డుకు మిరప బస్తాలు, అంటే టిక్కీలు, తోలే లారీల రద్దీ పెరుగుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే నరసరావుపేట దగ్గరి కోటప్పకొండ తిరునాళ్ళకు చుట్టుపక్కల ఊళ్ళు ప్రభలు కడతాయి. వెదుళ్ళూ దూలాలూ మోకులతో బిగించి, రంగు గుడ్డలూ విద్యుద్దీపాలూ తొడిగి నిలబెట్టే ఈ ప్రభల్లో కొన్ని 80 అడుగులు దాటతాయి. చిలకలూరిపేట పక్కన పురుషోత్తమపట్నం లాంటి ఊళ్ళకు ప్రభ అంటే ఊరి పేరే. కొండ మీది దేవుడు త్రికోటేశ్వరుడు, జనం నోట కోటయ్య. మాట్లాడకుండా మౌనంగా బోధించే దక్షిణామూర్తి రూపంగా ఆయన్ను కొలుస్తారు.

తిరునాళ్ళ ముందు రోజుల్లో నరసరావుపేట, చిలకలూరిపేట, గుంటూరు ఫ్లెక్సీ షాపుల్లో దీపాలు ఆర్పరు. ఊరి కమిటీ కుర్రాళ్ళు వాట్సాప్‌లో ఒక స్వామి బొమ్మ పంపుతారు. అదే బొమ్మ కరపత్రం మీద రావాలి, బండి అద్దానికి స్టిక్కరుగా రావాలి, ఊరి మొదట్లో ఇరవై బై పది అడుగుల ఫ్లెక్సీగా రావాలి. తెర మీద బొమ్మ నిండుగా, చక్కగా కనపడుతుంది. ప్రింటు తీస్తే కిరీటం తెగిపోయి వస్తుంది, లేదా పాదాలు కాగితం బయటికి పోతాయి, లేదా మొహం పక్కలకు సాగి స్వామి ఉబ్బిపోయినట్టు ఉంటాడు. “ఏందన్నా, స్వామి ఇట్టా ఉన్నాడు?” అని కుర్రాడు అడిగితే, ఆపరేటరు మళ్ళీ కూర్చుని ఎక్కడ తేడా కొట్టిందో వెతకాలి.

ఆ వెతుకులాట పైకి యంత్రానికి సంబంధించింది. కానీ దాని అడుగున చాలా పాత ప్రశ్న ఒకటి ఉంది. ఒకే స్వామి శుభలేఖ మూలన అంగుళమంత ఉంటాడు, కూడలిలో పదడుగులుంటాడు, ప్రభ మీద ఇంకా పెరుగుతాడు. వీటిలో ఏది ఆయన కొలత? కొలతే లేనివాణ్ణి కొలిచి కాగితంలో సర్దేటప్పుడు మనిషి దేన్ని మార్చవచ్చు, దేన్ని మార్చకూడదు?

ఈ ప్రశ్నను వేదాంతులు నేరుగానే ఎదుర్కొన్నారు. కఠోపనిషత్తు పరమాత్మను అన్నిటికన్నా చిన్నదనీ, అన్నిటికన్నా పెద్దదనీ ఒక చోట అంటుంది. మరో చోట బొటనవేలంత పురుషుడని చెబుతుంది. అంతటా నిండినదానికి బొటనవేలి కొలత ఎట్లా పొసుగుతుంది? బ్రహ్మసూత్రాల మొదటి అధ్యాయం మూడో పాదంలో 24, 25 సూత్రాలు ఈ చిక్కునే విప్పుతాయి. ఆ భాగానికి ప్రమితాధికరణం అని పేరు. బొటనవేలంత అన్నారు కాబట్టి ఇది జీవుడి సంగతే అయ్యుండాలని పూర్వపక్షం వాదిస్తుంది. కాదు, భూతభవిష్యత్తులకు ఏలికగా చెప్పిన వాడు పరమాత్మే అని సిద్ధాంతం. మరి ఆ కొలత? అది హృదయాన్ని బట్టి చెప్పిన కొలత అంటాడు భాష్యకారుడు ఆదిశంకరుడు. వెదురు కణుపులోని ఆకాశాన్ని మూరెడు అన్నట్టే ఇదీ అని ఉదాహరణ ఇస్తాడు. మూర కణుపుకు చెందింది, ఆకాశానికి కాదు.

అక్కడితో ఆగకుండా ఆయన ఇంకో అడుగు వేస్తాడు. ప్రాణికో శరీరం, శరీరానికో హృదయం ఉంటే ఎవరి హృదయాన్ని పట్టి బొటనవేలంత అన్నారు? శాస్త్రం మనుషుల్ని ఉద్దేశించి మాట్లాడుతోంది, మనుషుల ఒడ్డూ పొడుగూ దాదాపు ఒక నియతమైన పరిమాణంలో ఉంటాయి, అందుకే ఆ కొలత అని జవాబు. అంటే లెక్క మొదలుపెట్టే ముందు, కొలతను పట్టే, అందరికీ సాధారణమైన పాత్ర ఏదో తేల్చుకోవాలి. ప్రింటింగు షాపులో రోజూ తప్పేది ఆ మొదటి తేల్చుకోవడంలోనే.

కోరల్‌డ్రా లాంటి డ్రాయింగు సాఫ్ట్‌వేర్ కొత్త ఫైలు తెరిచినప్పుడు చాలాచోట్ల లెటర్ సైజు పేజీతో మొదలవుతుంది. అది అమెరికా కాగితం: సుమారు 216 మిల్లీమీటర్ల వెడల్పు, 279 పొడవు. ఇక్కడి ప్రింటర్ ట్రేలో ఉండేది ఏ4: 210 వెడల్పు, 297 పొడవు. రెండూ చూపుకు ఒకటే అనిపిస్తాయి. కానీ లెటర్ ఆరు మిల్లీమీటర్లు వెడల్పు, ఏ4 పద్దెనిమిది మిల్లీమీటర్లు పొడవు. లెటర్ పేజీ మీద అంచుదాకా పరిచిన మకరతోరణం ఏ4 మీద రెండు పక్కలా తెగుతుంది, కింద పట్టీ ఖాళీగా మిగులుతుంది. దీనికి మందు ఒక్కచోట లేదు. ఫైల్లోని పేజీ సెట్టింగులో, ప్రింటర్ డ్రైవర్‌లో, ట్రేలో ఉన్న అసలు కాగితంలో ఒకే కొలత ఉండాలి. మూడింటిలో ఏ ఒక్కటి వేరేగా ఉన్నా, బొమ్మ చెప్పాపెట్టకుండా కుదించుకుపోవచ్చు, లేదా అంచు తెగవచ్చు.

దీనికి తోడు మామూలు ప్రింటర్లు కాగితం అంచుదాకా సిరా వేయలేవు. చుట్టూ మూడు నాలుగు మిల్లీమీటర్లు వదిలేస్తాయి. ‘ఫిట్ టు పేజ్’ నొక్కితే ఆ ఖాళీని లెక్కలోకి తీసుకుని బొమ్మ మొత్తాన్ని కొద్దిగా తగ్గించి వేస్తాయి. అసలు కొలతలోనే తీస్తే అంచు తెగుతుంది. పండుగ కరపత్రానికి మొదటిది చాలు. విగ్రహానికి పీఠం కొలతలు గీసిన కాగితానికి మాత్రం అసలు కొలతే కావాలి, ఎందుకంటే నూటికి మూడు పాళ్ళు తగ్గినా పీఠంలో రాయి కూర్చోదు. అనుభవమున్నవాళ్ళు కాగితం మూల పది సెంటీమీటర్ల గీత ఒకటి గీసి, ప్రింటు తీసి, స్కేలు పెట్టి చూస్తారు. గీత పది ఉంటే మిగతావన్నీ సరిగ్గా ఉన్నట్టు.

ఏ సైజు కాగితాల వెనక ఒక అందమైన ఆలోచన ఉంది. పొడవును వెడల్పుతో భాగిస్తే రెండు వర్గమూలం, అంటే సుమారు 1.414 వచ్చేలా కాగితాన్ని కోస్తే, దాన్ని సగానికి మడిచినా అదే ఆకారం నిలుస్తుంది. జర్మన్ శాస్త్రవేత్త లిక్టెన్‌బెర్గ్ 1786లో ఒక ఉత్తరంలో ఈ గుణాన్ని వివరించాడు. 1922లో జర్మనీ దాన్ని ప్రమాణంగా తెచ్చింది, 1975లో అంతర్జాతీయ ప్రమాణమైంది. ఏ4 మీది వినాయకుణ్ణి ఏ3కి 141 శాతం పెంచితే ఎక్కడా సాగడు, ఎక్కడా తెగడు. అదే ఫ్లెక్సీ షాపు అడుగుల లెక్కకు వస్తే ఈ సుఖం లేదు. నాలుగు బై మూడు, ఆరు బై నాలుగు, పది బై ఎనిమిది, ఇరవై బై పది: ఒక్కో దాని ఆకారం ఒక్కోటి. పది బై ఎనిమిదికి దిద్దిన బొమ్మను ఇరవై బై పదికి నిండుగా సాగదీస్తే, ఎత్తుతో పోల్చినప్పుడు వెడల్పు 1.6 రెట్లు పెరుగుతుంది. కంప్యూటరుకు అది నాలుగు మూలలు లాగిన పని మాత్రమే. శిల్పశాస్త్రం తెలిసినవారికి అదొక పెద్ద తప్పు.

ఎందుకు తప్పో వరాహమిహిరుడు ఆరో శతాబ్దంలోనే లెక్కతో సహా చెప్పాడు. బృహత్సంహితలో ప్రతిమాలక్షణం అనే అధ్యాయం ఉంది. విగ్రహం ముఖం దాని సొంత అంగుళాల్లో పన్నెండు పొడవు, పన్నెండు వెడల్పు ఉండాలని అక్కడ విధించాడు. నగ్నజిత్తు అనే మరో ఆచార్యుడు పొడవు పద్నాలుగు అన్నాడనీ, అది ద్రావిడ పద్ధతి అనీ కూడా పక్కనే నమోదు చేశాడు. రెండు మతాలున్నాయి, రెండింటికీ గౌరవం ఉంది, కానీ ఏదో ఒకదానికి కట్టుబడాలి. ఇందాకటి ఇరవై బై పది ఫ్లెక్సీలో స్వామి ముఖం పొడవు పన్నెండుంటే వెడల్పు పందొమ్మిది దాటింది. అది వరాహమిహిరుడి లెక్కా కాదు, నగ్నజిత్తు లెక్కా కాదు. ఆ లెక్కకు ఆచార్యుడెవరూ లేడు.

సొంత అంగుళం అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి, అసలు కీలకం అక్కడే ఉంది. శిల్పగ్రంథాల్లో అంగుళం మూడు రకాలు. ఎనిమిది యవల వెడల్పును అంగుళంగా తీసుకుంటే మానాంగుళం. అది ఎక్కడైనా ఒకటే, ఈనాటి మిల్లీమీటరు లాంటిది. విగ్రహం చేయించే యజమాని వేలి కణుపును పట్టి తీస్తే మాత్రాంగుళం. మూడోది దేహలబ్ధాంగుళం: విగ్రహం మొత్తం ఎత్తును నూట ఎనిమిదో, నూట ఇరవయ్యో, నూట ఇరవైనాలుగో భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని అంగుళం అనడం. నవతాళమనే కొలతల పద్ధతికి 108, ఉత్తమ దశతాళమనే పద్ధతికి 124. గుడి ఎంత, గర్భగృహం ఎంత, విగ్రహం ఎంత ఎత్తు ఉండాలి అన్నవి బయటి కొలతలతో తేలుస్తారు. ఎత్తు తేలాక ముక్కు, కన్ను, భుజం, నాభి, మోకాలు అన్నీ విగ్రహం తనలోంచే పుట్టించుకున్న అంగుళంతో నడుస్తాయి. స్థపతి జానెడు విగ్రహం చేసినా, ఇరవై అడుగులది చేసినా లోపలి లెక్క మారదు.

డ్రాయింగు సాఫ్ట్‌వేర్ వెక్టర్ బొమ్మను దాచుకునే తీరు ఇంచుమించు ఇదే. గీత ఎక్కడ మొదలై ఎక్కడ వంగుతుందో బిందువుల మధ్య సంబంధాలుగా రాసి పెట్టుకుంటుంది. ఎంత పెంచినా అంచు చెదరదు. కెమెరా ఫోటోకు ఆ భాగ్యం లేదు. వాట్సాప్‌లో వచ్చిన బొమ్మ పొడవు 1600 పిక్సెళ్ళు ఉందనుకుంటే, అంగుళానికి 300 చొప్పున అది అయిదంగుళాల పైచిలుకు కాగితానికి సరిపోతుంది. పదడుగులకు పెంచితే అంగుళానికి పదమూడు పిక్సెళ్ళే మిగులుతాయి. దూరం నుంచి చూసే ఫ్లెక్సీకి 300 అక్కర్లేదు, 72 కూడా ధారాళమే, కానీ పదమూడు అంటే దగ్గరికొచ్చి దణ్ణం పెట్టుకునే ముసలమ్మకు స్వామి కళ్ళు కనపడవు, గళ్ళు కనపడతాయి. ఫైల్లో రిజల్యూషన్ అంకెను 300గా మార్చి రాస్తే ఆ పిక్సెళ్ళు పెరగవు. కమిటీ వాళ్ళకు ముందే చెప్పాల్సిన సంగతి ఇది: పెద్ద బొమ్మ కావాలంటే పెద్ద మూలం కావాలి.

వెక్టర్‌లోనూ ఒక ఉచ్చు ఉంది. కళ్ళ విషయం కాబట్టి దీన్ని ఎక్కువ పట్టించుకోవాలి. కోరల్‌డ్రాలో గీత మందానికి ‘స్కేల్ విత్ ఆబ్జెక్ట్’ అని ఒక టిక్కు ఉంటుంది. అది పెట్టకపోతే బొమ్మ చిన్నదైనా గీత మందం తగ్గదు. అడుగున్నర బొమ్మలో అందంగా తీరిన కనురెప్ప గీత, స్టిక్కరులో రెండంగుళాలకు వచ్చేసరికి పాత మందంతోనే ఉండి, పైరెప్ప కిందిరెప్ప కలిసిపోయి కన్ను నల్లటి మచ్చగా మూసుకుపోతుంది. పెంచినప్పుడు తిరగబడుతుంది; ఫ్లెక్సీ మీద కనుబొమ్మ వెంట్రుకవాసి గీతగా మిగిలి స్వామి చూపు వెలవెలబోతుంది. గుడిలో విగ్రహానికి అన్నీ ముగిశాక చివరికి కన్ను తెరిపించే క్రతువు నేత్రోన్మీలనం. స్థపతి అంత భయభక్తులతో చేసే పనిని ఒక వదిలేసిన టిక్కు చెరిపేస్తుంది. టిక్కు పెట్టడం, లేదా గీతను వస్తువుగా మార్చేయడం, రెండు క్షణాల పని.

ఇట్లాంటి చిక్కు అరబ్బీ రాతలో ఇంకా పదునుగా ఉంటుంది. ఉరుసు బ్యానరు అంచున ఒక చుక్క తెగితే అక్షరమే మారిపోతుంది. ఒక చుక్క కింద ఉంటే ఒక అక్షరం, రెండు చుక్కలు పైన ఉంటే మరొకటి. రూపమే వద్దన్న మతంలో రాతే పవిత్రమైన చోట అంచు విషయంలో జాగ్రత్త రెట్టింపు కావాలి. గుంటూరు, ఒంగోలు సువార్త సభల బ్యానర్లలో తెలుగు వాక్యాలకు మరో గండం. అను ఫాంట్లతో ఒక షాపులో దిద్దిన ఫైలు ఇంకో షాపులో తెరిస్తే ఆ ఫాంటు లేక అక్షరాలు చెదిరి పేజీ బయటికి పొర్లుతాయి. పంపే ముందు అక్షరాలను కర్వులుగా మార్చాలి, మార్చని మూల ఫైలొకటి విడిగా దాచుకోవాలి.

ఇప్పుడు అమరావతికి వెళ్ళాలి. కొలతకు పట్టనివాణ్ణి కొలత ఉన్న రాతిలో సర్దే పనిని ఈ నేల మీద ఏనాడో పెద్దయెత్తున చేసినవాళ్ళు అక్కడి బౌద్ధ శిల్పులు. మహాస్తూపం వ్యాసం దాదాపు 50 మీటర్లు. స్తూపం అంచును కప్పిన పల్నాటి సున్నపురాతి పలకల్లో కొన్నింటి మీద శిల్పులు ఆ స్తూపాన్నే చెక్కారు. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ప్రసిద్ధమైన పలక నాలుగడుగుల ఎత్తు, మూడడుగులకు కాస్త తక్కువ వెడల్పు ఉంటుంది. 50 మీటర్ల కట్టడాన్ని అంతలోకి తేవాలంటే అరవయ్యో వంతుకు కుదించాలి. ఆ లెక్కన స్తూపం దగ్గర నిలబడ్డ మనిషి మూడు సెంటీమీటర్లకు మించకూడదు. శిల్పి ఆ లెక్కను పాటించలేదు. భక్తుల్ని అంతకన్నా ఎంతో పెద్దగా చెక్కాడు. ద్వారాన్ని వెడల్పు చేసి, సింహాలను ముందుకు తెచ్చి, అయిదు ఆయక స్తంభాలను వరసగా నిలిపి, పైన ఆకాశంలో ఎగిరే దేవతలకు చోటిచ్చాడు. ఈ పలకల్ని చూసి స్తూపం అసలు ఆకారాన్ని తిరిగి గీయాలనుకున్న పండితులు నిష్పత్తులను అక్షరాలా నమ్మలేకపోయింది అందుకే.

మరి ఇది కూడా సాగదీతేనా? కాదు. శిల్పి వస్తువుల మధ్య కొలత మార్చాడు, కానీ ఏ ఒక్క వస్తువునూ దాని లోపల చెడగొట్టలేదు. సింహం పెద్దదైంది, సింహంగానే ఉంది. మనిషి పెరిగాడు, మనిషిగానే ఉన్నాడు. దేనికి ఎంత చోటివ్వాలో తన భక్తిని బట్టి తేల్చుకుని, పలకనంతా మళ్ళీ కొత్తగా కూర్చాడు. ఫ్లెక్సీ ఆపరేటరుకు దీన్ని మించిన పాఠం దొరకదు: బొమ్మ ఆకారం పేజీకి సరిపోనప్పుడు చుట్టూ ఉన్నవాటిని కదపాలి, తోరణం పొడిగించాలి, దీపాలు పక్కలకు జరపాలి, నేతల ఫోటోలు చిన్నవి చేయాలి. స్వామిని మాత్రం నిలువునా అడ్డంగా ఒకే పాళ్ళలో పెంచాలి.

నిజానికి బ్రిటిష్ మ్యూజియంలోని ఆ పలకనే రెండు వైపులా చెక్కారు. క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దంలో చెక్కిన వైపు బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ భక్తులు. బుద్ధుడు లేడు. తరవాత కొన్ని శతాబ్దాలకు అదే రాతిని తిరగేసి రెండో వైపు స్తూపాన్ని చెక్కారు. తొలినాళ్ళ శిల్పులు బుద్ధుడి కోసం ఎంత చోటు కావాలో అంత చోటును ఖాళీగా వదిలారు. ఆ ఖాళీ ఎక్కడుందో కూర్పులోని ప్రతి ముఖం చూపుతుంది, ఎందుకంటే అందరి చూపూ అటే. ఖాళీ కనపడగానే దాన్ని నింపాలనే తొందరే నేటి చాలా ఫ్లెక్సీల్లో సాగదీతకు మూలం. ఆకారం కుదరనప్పుడు పక్కన నాలుగంగుళాలు తెల్లగా వదిలితే ఎవరి భక్తీ తగ్గదు.

బౌద్ధ తత్త్వవేత్త ఆచార్య నాగార్జునుడి మాట ఇక్కడ అక్కరకొస్తుంది. శాతవాహన రాజుకు చెప్పిన హితబోధగా సంప్రదాయం భావించే రత్నావళిలో, ఇది ఉంటేనే అది అన్న నియమానికి ఆయన పొడుగు పొట్టిల ఉదాహరణ ఇస్తాడు. పొడుగు ఉంటేనే పొట్టి. దేనికదిగా పెద్దదీ లేదు, చిన్నదీ లేదు. అదే గ్రంథంలో ఆయన రాజును బుద్ధ ప్రతిమలూ స్తూపాలూ కట్టించమంటాడు. పరిమాణానికి స్వతంత్రమైన ఉనికి లేదన్నవాడే ప్రతిమ చేయించమన్నాడు. పెద్దది చిన్నది అన్నవి చూసేవాడికీ చూడబడేదానికీ మధ్య పుట్టే సంగతులు. శంకరుడు కొలతను పాత్రకు అప్పగించాడు, నాగార్జునుడు పోలికకు అప్పగించాడు. వాదాలు వేరైనా, స్వామికి సొంత సైజు అంటూ లేదన్న చోట ఇద్దరి నుంచీ ఒకే అండ దొరుకుతుంది.

జనం ఈ సంగతిని తత్త్వంగా కాక కథగా చెప్పుకున్నారు. అమరావతిలోనే కృష్ణ ఒడ్డున పంచారామాల్లో ఒకటైన అమరేశ్వరాలయం ఉంది. అందులోని తెల్లటి లింగం సుమారు 15 అడుగులు. అభిషేకానికి అర్చకులు పై అంతస్తు నుంచి అందుకోవాలి. లింగం పెరుగుతూ పోతుంటే ఆపడానికి తల మీద శీల కొట్టారని స్థలపురాణం. పట్టనివాణ్ణి పట్టేలా చేయడానికి మనిషి చేసిన పనిలో నొప్పి ఉందని ఆ కథకు తెలుసు. అదే అమరావతిలో ఈ కాలంలో 125 అడుగుల ధ్యానబుద్ధ విగ్రహం లేచింది. ఆ ఎత్తు ఈ కాలపు మనుషుల సంకల్పానికి గుర్తు. కోటప్పకొండ ప్రభల ఎత్తు పోటీ కూడా అంతే. ఊరు తన చెమటనూ మిరప డబ్బునూ ఎంత పైకెత్తగలదో అది చూపిస్తుంది. ఆ శ్రమ పూజే. కానీ ఎత్తు ఊరిది. దేవుడి ఎత్తు పెరిగిందని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు.

ఇంత చెప్పాక శాస్త్రమే వేసే ఒక అడ్డు ప్రశ్నను దాచడం న్యాయం కాదు. శుక్రనీతిసారం రాతి, లోహ విగ్రహాలకు కొలతలు కట్టుదిట్టంగా చెప్పి, గీసిన బొమ్మలకూ, పూత పూసినవాటికీ, ఇసుకవీ మట్టివీ పిండివీ అయిన ప్రతిమలకూ లక్షణం తప్పినా దోషం లేదంటుంది. అంటే కాగితం మీది స్వామికి పన్నెండంగుళాల నిబంధన లేదు. ఆపరేటరు తప్పు చేసినా పాపం అంటదు. వరాహమిహిరుడు కృశించిన ప్రతిమ ధననష్టం తెస్తుందనీ, పొట్ట పలచబడితే ఆకలి భయమనీ చేసిన హెచ్చరికలు కూడా ఫ్లెక్సీకి వర్తించవు. పొరపాటున సాగిన బొమ్మ ముందు కొబ్బరికాయ కొట్టిన పల్లెటూరి తల్లి మనసులో కీడు శంక పెట్టకుండా కాపాడినందుకు ఆ మినహాయింపును గౌరవించాలి.

అయితే ఆ జాబితాను మళ్ళీ చదవాలి. ఇసుక, మట్టి, పిండి, పూత. అన్నీ త్వరగా కరిగి మట్టిలో కలిసేవే. వినాయకుణ్ణి నీళ్ళలో కలిపినట్టు అవి పోతాయి, వాటితోపాటు తప్పూ పోతుంది. ఫ్లెక్సీ పోదు. అది పీవీసీ. తిరునాళ్ళ మర్నాడు దించిన ఫ్లెక్సీలు గడ్డివాముల మీదికీ, కోళ్ళ గూళ్ళ మీదికీ, మిరప కల్లాల్లో మంచు పడకుండా కాయల మీద కప్పే పట్టాల్లోకీ చేరతాయి. అందులో తప్పేమీ లేదు, రైతుకు పట్టా అవసరం. కానీ పూజకు గీసిన ముఖాన్ని కాళ్ళ కిందికి వచ్చే వస్తువు మీద ముద్రిస్తున్నామన్న ఎరుక ముద్రించే ముందే ఉండాలి. ఫైలు కూడా కరగదు. ఒక షాపులో సాగిన కోటయ్య పెన్‌డ్రైవులో ఇంకో షాపుకు వెళ్ళి, వచ్చే ఏడు కమీషన్ కొట్టు క్యాలెండరు మీద అట్లాగే సాగి కూర్చుంటాడు. శుక్రనీతి ఇచ్చిన మినహాయింపు చెరిగిపోయే బొమ్మలకు. చెరగని బొమ్మకు రాతి విగ్రహపు జాగ్రత్తే వర్తింపజేయడం ఆ గ్రంథం స్ఫూర్తికి దగ్గరగా ఉంటుంది.

చెరగని బొమ్మ బాధ్యత ఎంతటిదో మెకంజీ ఆల్బమ్ చెబుతుంది. భారత తొలి సర్వేయర్ జనరల్ కాలిన్ మెకంజీ 1816లో తన చిత్రకారులతో అమరావతి వచ్చి, దిబ్బలో బయటపడ్డ పలకల్ని గీయించాడు. ఆయన పరిశోధన బృందానికి ఏలూరు వారైన కావలి సోదరులు వెన్నెముక. వాల్టర్ ఇలియట్ అనే బ్రిటిష్ అధికారి 1845లో అక్కడే తవ్వి తీసినవి 1859లో లండను చేరాయి. మెకంజీ మనుషులు గీసిన పలకల్లో ఎన్నో తరవాత కనిపించకుండా పోయాయి. ఇవాళ వాటికి మిగిలిన ఒకే ఆధారం ఆ కాగితం మీది గీత. ఆ చిత్రకారుడు తన పేజీలో పట్టడం లేదని పలకను ఒక పక్కకు నొక్కి ఉంటే, పోయిన రాతి అసలు ఆకారం లోకానికి ఇక ఎప్పటికీ తెలిసేది కాదు.

చెరగని ఫ్లెక్సీ వద్దనుకుంటే, దాని బదులు నూలు గుడ్డ మీద స్వామిని ముద్రించుకోవచ్చు. పత్తి పండే ఈ ఊళ్ళకు అది పరాయి ఆలోచన కాదు. బట్ట మీద డిజిటల్ ప్రింటు ఇప్పుడు దొరుకుతుంది. ఖర్చు ఎక్కువే, కానీ ఏటా మళ్ళీ వాడుకోవచ్చు. పని తీరు మాత్రం మారుతుంది. ఫ్లెక్సీ రోలు వెడల్పు పదడుగుల దాకా వస్తుంది కాబట్టి ఇరవై బై పది బ్యానరు అతుకు లేకుండానే వస్తుంది. గుడ్డ పన్నా 44 అంగుళాలో 58 అంగుళాలో ఉంటుంది, పన్నాలను నిలువుగా కలిపితే అతుకులు నాలుగైదు తప్పవు. పీడీఎఫ్ పేజీకి మామూలు హద్దు 200 అంగుళాలు, అంటే 16 అడుగుల 8 అంగుళాలు. అందుకే ఇరవై అడుగుల బొమ్మను పదో వంతుకు, రెండడుగులకు దిద్ది, ప్రింటులో పది రెట్లు పెంచమని రాసివ్వాలి. తరవాత పన్నాల గీతలు బొమ్మ మీద వేసి చూసి, ముఖం పూర్తిగా ఒకే పన్నాలో పడేలా మొత్తం కూర్పును కుడికో ఎడమకో జరపాలి. అతుకులు భుజాల అవతల, తోరణం మీద, దీపస్తంభాల వెంబడి పోవాలి. కుట్టుకు ప్రతి అంచునా అరంగుళం అదనంగా వదలాలి, లేకపోతే కుట్టులోకి పోయిన మేరకు బొమ్మ సన్నబడుతుంది.